కామెంట్లతో సహా

పాత గొడవలు మర్చిపోవాలని నాకు బుద్ధి చెప్పినవాళ్ళలో, ఆ గొడవల్లో దెబ్బ తిన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కొట్టినవాళ్ళు చెప్పారు. లేదా పక్కన నిలబడి చూసినవాళ్ళు చెప్పారు. అందుకని నేను మర్చిపోలేదు. మర్చిపోకుండా ఉండటానికి ఏర్పాట్లు కూడా చేసుకున్నాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు మేము తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. రైలు పట్టాల అవతల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. ఇంటర్నెట్‌లో తెలుగు అక్షరం కనపడితేనే అబ్బురంగా చూసే రోజులవి. తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళు ఒకరికొకరు తెలిసిపోయేటంత తక్కువమంది. ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో నేనూ ఒకటి మొదలుపెట్టాను. రాసింది నేనే గానీ చెప్పింది మా అమ్మ.

మా అమ్మ పుట్టింది కొల్లేటికోటకి అవతల ఒక చిన్న లంకలో. మా నాన్న మిషన్ బడిలో టీచరు. పెళ్ళయ్యాక అమ్మ నీళ్ళు వదిలి గట్టెక్కింది కానీ ఆవిడ మాటలు మాత్రం ఎప్పుడూ గట్టెక్కలేదు. పన్నెండేళ్ళకే తాటిదోనె ఒక్కతే తోసుకుంటూ వెళ్ళి, వెదురుపుల్లలతో అల్లిన మావుల్లో పడిన చేపలు తీసుకొచ్చేదట. ఎక్కడ ఎంత లోతుందో గెడ దించకుండానే చెప్పేదట. కొంగ మోకాలు కనపడితే దోనె దిగి నడవచ్చు, గూడబాతులు ఈదుతుంటే దిగకూడదు. ఇలాంటివి చెప్తూ ఉంటే నేను టైపు చేసేదాన్ని.

దానికో పద్ధతి ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, అమ్మ కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ముందు నేను కిందటి వారం పోస్టు పైకి చదవాలి. తర్వాత దాని కింద జనం రాసిన కామెంట్లన్నీ వరసగా చదవాలి. అవన్నీ విన్నాకే కొత్త సంగతి మొదలుపెట్టేది. బైబిలు చదివే మనిషే కానీ తెర మీద అక్షరాలు ఆవిడ కళ్ళకి ఆనేవి కావు.

"కెనడా నుంచి ఒకావిడ రాసిందమ్మా. వాళ్ళ అమ్మమ్మ కూడా దోనె తోసేదట."

"ఇంటిపేరేంటో కనుక్కో. ఆకివీడు వైపు మనిషైతే నాకు తెలిసే ఉంటుంది."

"కనుక్కుంటాలే."

"లే అనకు. ఇప్పుడే అడుగు. మీట నొక్కితే పోతుందన్నావుగా."

ఆ కెనడా ఆవిడకి మా అమ్మ నా చేత తొమ్మిది జవాబులు రాయించింది. చివరికి ఇద్దరికీ ఏదో దూరపు చుట్టరికం తేలింది కూడా. అలా ఓ ఏడాది నడిచింది.

తర్వాత వాళ్ళు వచ్చారు. మొదట బెంగుళూరు ఇంజనీరునని చెప్పుకున్న ఒకడు. వాడి వెనకాల అమెరికాలో ఉంటున్నానన్న ఇంకొకడు. ఆ పైన హైదరాబాదు నుంచి ఇద్దరు. అందర్నీ అక్కా అక్కా అని పిలిచే ఒక అమ్మాయి. మొత్తం ఐదుగురు. మొదట్లో ఎత్తిపొడుపులు. "అక్కా, ఇంటి పని అయ్యాక రాస్తున్నారా, మానేసి రాస్తున్నారా?" అని ఆ అమ్మాయి. "పీతలు ఏరుకునేవాళ్ళు కూడా రాయడం మొదలుపెడితే మేము కీబోర్డు కడుక్కోవాలి" అని అమెరికావాడు. నేనేం తక్కువ తినలేదు. ఒక్కొక్కడికీ తగిలించి జవాబిచ్చాను. నా నోటి సంగతి మా కాలేజీలో ప్రిన్సిపాల్‌కి కూడా తెలుసు. ఇలాంటివి వచ్చినప్పుడు అమ్మకి చదివేటప్పుడు దాటేసేదాన్ని.

ఒక ఆదివారం దాటెయ్యలేకపోయాను. తప్పు నాది. ముందే చూసుకుని ఉండాల్సింది. ఆ ఉదయం కరెంటు లేక చూసుకోలేదు. రాగానే అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను చదువుకుంటూ పోయాను. బెంగుళూరువాడి కామెంటు. "కథ బాగుంది కానీ, పన్నెండేళ్ళ ఆడపిల్ల ఒక్కతే దోనెలో అంత దూరం వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? ఒక్కతే వెళ్ళిందో, ఎవరితో వెళ్ళిందో..." అక్కడికి నా గొంతు ఆగింది. ఆగడంలోనే అంతా తెలిసిపోయింది.

"చదవ్వే. ఆపావేం?"

"ఇంకేం లేదమ్మా."

"ఉంది. నీ మొహంలో ఉంది."

చదవలేదు.  అమ్మ లేచి కుర్చీ తీసి గోడ వారగా పెట్టింది. "నా నోట్లో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ ఏమీ అనలేదు" అంది. అంతే. ఆ వచ్చే వారం చెప్తానన్నది వరదల నెల గురించి. నీళ్ళు లంక మీదికొచ్చినప్పుడు ఆడవాళ్ళంతా పిల్లల్నీ కోళ్ళనీ వేసుకుని దోనెల్లోనే వండుకు తిన్న రోజుల గురించి. దానికి నేను శీర్షిక కూడా టైపు చేసి పెట్టుకున్నాను. ఎన్నిసార్లు బతిమాలినా "గుర్తు లేదు" అనేసింది. అరవై ఏళ్ళ కిందటి కొంగ మోకాలు గుర్తున్న మనిషి! మరుసటేడు పోయింది. ఆ శీర్షిక కింద ఇప్పటికీ ఒక్క వాక్యం లేదు.

నేను బ్లాగు మూసేస్తున్నానని రాసిన రోజున, తెలుగు బ్లాగుల్లో పెద్దమనిషిగా చెలామణీ అయ్యే ఒకాయన తన బ్లాగులో నా గురించి పేజీడు రాశాడు. "కొల్లేటి గొంతుక మూగబోయింది" అని. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా. ఆయనదీ తాడేపల్లిగూడెమే. తెలుగు లెక్చరరు. బజార్లో కనపడితే "మాస్టారూ బాగున్నారా అండీ" అని పలకరించేదాన్ని.

మూసేముందు పేజీలన్నీ ఒక్కొక్కటే సేవ్ చేసుకున్నాను. వేసవి సెలవులు. మధ్యాహ్నాలు అదే పని. మావారు వచ్చి వెనకాల నిలబడ్డారు.

"నీ రాతలు దాచుకో. ఆ కామెంట్లు ఎందుకు, పెంట?"

"నా రాతలు నాకు గుర్తున్నాయండీ. వాళ్ళవి మర్చిపోతానేమోనని దాస్తున్నా."

ఆయన పేపరు తీసుకుని వరండాలోకి పోయారు. పెళ్ళైన కొత్తల్లోనే ఆ విద్య నేర్చుకున్నారు.

అలా వరసపెట్టి చూస్తున్నప్పుడు కామెంట్ల పక్కన ఉన్న వేళలు కంటికి తగిలాయి. బ్లాగు గడియారాన్ని మన సమయానికి మార్చి పెట్టింది నేనే. వాళ్ళు రాసిన ఆ రెండు నెలలూ ఊళ్ళో కరెంటు కోత. మా వైపు పొద్దున్న తీసేవాళ్ళు. పట్టాల అవతల, మా కాలేజీ ఉన్న వైపు, చాలా వారాలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. నాకెలా తెలుసంటే, ఫ్యాను లేకుండా ఆ రెండు గంటలూ చెమటలు కారుస్తూ డెబిట్టూ క్రెడిట్టూ చెప్పిన మనిషిని నేను. మిగతా జనం అన్ని వేళల్లోనూ రాశారు. ఈ ఐదుగురు మాత్రం ఆ వారాల్లో రెండుకీ నాలుక్కీ మధ్య ఒక్కనాడూ ఒక్క ముక్క రాయలేదు. నాలుగూ ఐదుకి ఒకడు, నాలుగూ పదికి ఒకడు, పావుకి అక్కా అనే అమ్మాయి. వారం మారి కోత వేళ మారితే వీళ్ళ నోళ్ళు మూతపడే వేళా మారింది. మా ఊరి పట్టాల అవతల స్విచ్చి వేస్తే అమెరికాలో వెలుగుతోంది!

ఊరు తెలిసింది, మనిషి తెలియలేదు. ఇంకో రెండు రోజులు కూర్చున్నాను. ఒకచోట ఐదుగురూ కలిసి మూడు రోజులు మాయమయ్యారు. ఆ మూడు రోజులూ కాలేజీ వైపు కరెంటు మామూలుగానే ఉంది. నాలుగో రోజు సాయంత్రం ఐదుగురూ కలిసే తిరిగొచ్చారు. పట్టాల అవతలే ఉండే ఆ పెద్దమనిషి బ్లాగు ఎందుకో తెరిచాను. నాలుగో రోజు తేదీతో ఒక పోస్టు ఉంది. "మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడంతో మూడు రోజులు మీకు దూరమయ్యాను. అభిమానులు మన్నించాలి."

ఎవరడిగారండీ ఈయన్ని? మూడు రోజులు కనపడకపోతే ఎవరేడ్చారు? ఆ ఒక్క పోస్టు రాయకపోతే ఈ జన్మలో దొరికేవాడు కాదు. నేను ఆ పేజీ కూడా సేవ్ చేసుకున్నాను.

అప్పుడే ఎందుకు బయటపెట్టలేదని మీరు అడుగుతారు. అమ్మ ఇంకా బతికే ఉంది. బయటపెడితే ఆ మాట పదిమంది నోళ్ళలో పడుతుంది, తిరిగి ఆవిడ చెవినే పడుతుంది. అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడమంటే వదిలెయ్యడం కాదు.

కొన్నాళ్ళకి ఆ సైటే మూతపడింది. దాచుకోనివాళ్ళ బ్లాగులన్నీ దాంతోపాటే పోయాయి. నాది పోలేదు. మొదట సీడీల్లో పెట్టాను. బీరువాలో పట్టుచీరలు మడతల దగ్గర చిరగకుండా ఏడాదికోసారి తీసి మడతలు మార్చి పెట్టుకుంటాం కదా, అలాగే వీటినీ తీసి చూసుకునేదాన్ని. ఒక సీడీ బూజు పట్టింది. రెండోదాన్లోంచి పెన్‌డ్రైవ్‌లోకి, అందులోంచి హార్డ్ డిస్క్‌లోకి మార్చాను. ఏలూరు వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు సామాన్లన్నీ లారీలో వచ్చాయి, ఇది నా హ్యాండ్‌బ్యాగులో వచ్చింది. చీరలు కట్టుకోవడానికి దాచుకుంటాం. ఇదీ అంతే.

ఈ మధ్య ఆ పెద్దమనిషి ఫోన్ చేశాడు. రిటైరయ్యాడట. ఇంటర్నెట్‌లో తొలినాటి తెలుగు రాతలన్నీ కనపడకుండా పోతున్నాయనీ, వాటిని పోగుచేసి ఏలూరులో ఒక కాలేజీ లైబ్రరీలో భద్రపరుస్తున్నామనీ, ఆ కమిటీకి తనే కన్వీనర్‌ననీ చెప్పాడు.

"మీ కొల్లేటి బ్లాగు దొరకలేదమ్మా. ఎంత వెతికించానో. మీ దగ్గరేమైనా మిగిలిందా అండీ?"

"మొత్తం ఉందండీ. కామెంట్లతో సహా."

మేమెక్కడుంటున్నామో వివరంగా అడిగాడు. తర్వాత, "ఎల్లుండి మీ ఇంటికొస్తానమ్మా, చాలా రోజులైంది చూసి" అన్నాడు. ఎల్లుండిదాకా ఆగలేదు, మర్నాడే దిగాడు. డజను అరటిపళ్ళూ, ఒక శాలువా, వాళ్ళ కమిటీ కరపత్రమూ. మావారి చేత శాలువా నా భుజాల మీద కప్పించాలని ఆయన తాపత్రయం. మావారు నా మొహం చూసి, కాఫీ పెడతానని లోపలికి పోయారు.

"మీ పోస్టులు ఆణిముత్యాలండీ. వాటి కింద ఆ కామెంట్లెందుకు? తీసేసి శుభ్రంగా పెట్టుకుందాం."

"తీసేస్తే ఎలా అండీ? మీరు తెచ్చిన కరపత్రం ఉంది, చూడండి." టేబులు మీంచి తీసి చదివాను. "'మంచైనా చెడైనా ఒక్క అక్షరం కూడా తీయము, మార్చము. చరిత్రను కడిగే హక్కు మనకు లేదు.' కింద సంతకం మీదేగా?"

"అది సాధారణంగా రాసిన మాటమ్మా."

"నేనూ సాధారణంగానే అడుగుతున్నానండీ."

"అప్పట్లో ఎవరో కుర్రవాళ్ళు, ఏదో దూకుడు. ఇప్పుడు వాళ్ళకి పెళ్ళిళ్ళయి పిల్లలుండి ఉంటారు. పాపం, ఎందుకండీ పాతవి?"

"కుర్రవాళ్ళని మీకెలా తెలుసండీ?"

"ఊహిస్తున్నానమ్మా. రాతని బట్టి."

"ఎన్నేళ్ళుంటాయంటారు ఆ రాతని బట్టి? ఇరవయ్యా? ముప్పయ్యా? నాకైతే నలభై దాటినట్టనిపించింది. చాక్‌పీసు పట్టిన చెయ్యేమోనని కూడా అనిపించింది."

కాఫీ వచ్చింది. ఆయన సాసర్లో పోసుకుని తాగే అలవాటు మనిషి. ఈసారి సగం లాల్చీ మీద ఒలికింది. "అయ్యో, తుడుచుకోండి మాస్టారూ, మరక పడితే పోదు" అని గుడ్డ అందించాను. నాకు మర్యాదలు బాగానే తెలుసు.

ఆయన వెళ్ళగానే నేను ఆటో ఎక్కి లైబ్రరీకి పోయాను. లైబ్రేరియన్ నా వయసావిడే, కళ్ళజోడు మెడలో గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. సంగతేమీ చెప్పకుండా అడిగాను, కామెంట్లు తీసెయ్యమంటే తీస్తారా అని.

"చెదలు తిన్న పుస్తకమైనా తిన్నట్టే నంబరు వేస్తామండీ. అతుకులు వెయ్యడం నా పని కాదు. మీరెలా ఇస్తే అలాగే. కాకపోతే ఇచ్చేవాళ్ళు ఒక ఉత్తరం రాసివ్వాలి."

ఉత్తరం అక్కడే కూర్చుని రాశాను. "ఇచ్చినది ఇచ్చినట్టు, తేదీలూ వేళలతో సహా ఉంచవలెను. చదివేవారు మాటలతోపాటు వేళలు కూడా చదవగలరు. ఈ కామెంట్లు ఆగిపోయిన మూడు రోజులూ తాడేపల్లిగూడెంలో ఏ వీధిలో కరెంటు లేదో ఇదే సేకరణలో మరొక బ్లాగులో ఉన్నది." పేరు రాయలేదు. ఆయన బ్లాగు మొత్తం ఆయనే మోసుకొచ్చి అందరికంటే ముందు ఇచ్చేశాడు, ఒకటో నంబరు కావాలని. నా ఉత్తరం మీద కన్వీనర్ సంతకం కూడా ఉండాలట. లైబ్రేరియన్ ఆ సాయంత్రమే పాతిక కాయితాల కట్టలో పెట్టి పంపితే, చదవకుండా అన్నిటి మీదా పెట్టేశాడు. ఊళ్ళో పెద్దమనుషులు చదివి సంతకం పెట్టడం ఎప్పుడు మానేశారో నాకు తెలియదు గానీ, వాళ్ళకి నా నమస్కారం.

ప్రారంభోత్సవం రోజున ఆయన గంటసేపు మాట్లాడాడు. నేను మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అప్పటికి ఆయనకేమీ తెలియదు. మర్నాడు సేకరణ అందరికీ తెరిచారు. పాత బ్లాగర్ల వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికల్లా నా ఉత్తరం తిరిగింది. రెండో రోజుకి ఎవరో నా కామెంట్ల పేజీనీ, ఆయన ట్రాన్స్‌ఫార్మర్ పోస్టునీ పక్కపక్కన పెట్టారు. కెనడా ఆవిడ కూతురట, "మా అమ్మ ఈ బ్లాగు ఎందుకు ఆగిపోయిందని పోయేదాకా అడిగింది" అని రాసింది. అది చదివినప్పుడు మాత్రం నేను ఫోను బోర్లా పెట్టేసి కాసేపు వంటింట్లో తిరిగాను.

మూడో రోజున ఆయన లైబ్రరీకి పరిగెత్తాడు. తన బ్లాగులో ఒక పోస్టులో అచ్చుతప్పులున్నాయి, అది తీసెయ్యాలి అని అర్జీ రాసిచ్చాడు. ఇన్ని వందల పోస్టుల్లో ఏ ఒక్కదాంట్లో అచ్చుతప్పులున్నాయో నేను చెప్పక్కర్లేదు కదా. లైబ్రేరియన్ నవ్వకుండా చెప్పింది నాకు: "తప్పులతోనే నంబరు పడిపోయిందండీ అన్నాను. అర్జీ మాత్రం తీసుకున్నా. తీసెయ్యమని వచ్చిన అర్జీలు కూడా మేము సేకరణలోనే దాస్తాం. కమిటీ రూలు. రూలు ఆయన రాసిందే."

ఆ అర్జీ నేనూ వెళ్ళి చూశాను. తేదీ, వేళ, సంతకం అన్నీ ఉన్నాయి. ఈసారి సొంత పేరుతో రాశాడు.

మావారు ఇది సరిపోలేదా అన్నారు. "పెద్దాయన, గుండెజబ్బు మనిషి, ఇంక వదిలెయ్యవే" అన్నారు. వదిలెయ్యడానికి నేను పట్టుకున్నదేముంది? ఆయన మాటల్ని ఆయన వేళల్తో సహా జాగ్రత్తగా దాచి, ఆయన కట్టిన గూట్లోనే పెట్టాను. ఒక్క అక్షరం నేను కలపలేదు. క్షమాపణ కావాలా అని లైబ్రేరియన్ కూడా అడిగింది. దేనికి? ఆయన క్షమాపణ చెప్తే వరదల నెలలో దోనెలో పొయ్యి ఎలా వెలిగించేవాళ్ళో నాకు తెలుస్తుందా? పిల్లలు నీళ్ళలో పడకుండా ఏం చేసేవాళ్ళో తెలుస్తుందా? అది తెలిసిన ఒక్క మనిషీ కుర్చీ తీసి గోడ వారగా పెట్టి లేచిపోయింది.

నిన్న పొద్దున్న ఫోన్ చేశాడు. ఈసారి ఆణిముత్యాలు లేవు, అమ్మా అనడం కూడా లేదు.

"మీరు ఒక్క మాట చెప్తే ఆ లైబ్రరీ ఆవిడ తీసేస్తుందండీ. ఇచ్చినవాళ్ళు మొత్తంగా అయితే వెనక్కి తీసుకోవచ్చట, నాది నేను తీసుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. మీ బ్లాగు మొత్తం తీసేసుకోండి, మళ్ళీ మంచి పుస్తకంగా నేనే వేయిస్తాను."

"ఎందుకండీ?"

"మా మనవరాలు కాలేజీలో చేరింది. ఆ లైబ్రరీ ఉన్న కాలేజీలోనే. తెలుగు తీసుకుంది."

"మంచి సబ్జెక్టండీ."

"అది చదువుతుందండీ అవన్నీ."

"మరి ఎవరు చదవాలని దాచామండీ?"

 అవతల ఎక్కడో గిన్నెల చప్పుడు, ఎవరో ఆడపిల్ల "తాతయ్యా, టిఫినూ" అని పిలవడం వినపడింది. ఆయన పలకలేదు, ఫోనూ పెట్టలేదు. నేనేదో అంటానని చూస్తున్నాడు. పోనీలెండి అంటానని చూస్తున్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. సెలవు రోజు, నాకు తొందరేమీ లేదు. ఆ పిల్ల ఇంకోసారి పిలిచింది, ఈసారి దగ్గరగా వచ్చి. అప్పుడు ఆయనే పెట్టేశాడు.